రాజధానికి చుట్టపుచూపు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఈ రోజుల్లో వుండి వుంటే మూడోమాట కూడా చేర్చేవారు: వీసాకు అర్జీ పెట్టి చూడు అని. మా ఇంట్లో పక్షం రోజులుగా అదే ముచ్చట. మా శ్రీమతి తమ్ముడు జర్మనీలో మ్యూనిక్ నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. "బావా, వేసవి సెలవులకు మీరంతా రావలసిందే. వారం రోజులు మా ఇంట్లో వుందురుగాని. ఆ తర్వాత మూడు రోజులు రోము చూసివద్దాం" అని పట్టుపట్టాడు. అంత పాత నగరానికి మూడు రోజులేం సరిపోతాయయ్యా అంటే, "ఇక్కడ అందరూ అంతే బావా. శుక్రవారం సాయంత్రం బయల్దేరతారు, సోమవారం పొద్దున్నే ఆఫీసులో వుంటారు" అన్నాడు.

దీన్ని మనవాళ్ళు చుట్టపుచూపు అంటారు. చుట్టపుచూపుకు కొన్ని మర్యాదలున్నాయి. వచ్చినవాడు పెరట్లో ఎన్ని కొబ్బరిచెట్లున్నాయో లెక్కపెట్టడు, ఇంటివాళ్ళ మంచిచెడ్డలు కనుక్కుంటాడు. నగరాలు చూడబోయేవాళ్ళు మాత్రం చెట్లే లెక్కపెడుతున్నారు. మావాడు పంపిన కాగితంలో మూడు రోజులకు ఇరవయ్యేడు స్థలాలున్నాయి. కొలోసియానికి గంటంబావు, పాంథియనుకు ఇరవై నిమిషాలు, ట్రెవీ ఫౌంటెనుకు పది నిమిషాలు, అందులో ఫొటోలకు అయిదు. భోజనానికి ఎక్కడా చోటులేదు. అది చూసి మా శ్రీమతి, "వీడు చిన్నప్పుడు పరీక్షలకు కూడా ఇట్లాగే టైంటేబులు వేసేవాడు" అంది. పరీక్షల ఫలితం ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మాది నడికుడి. గుంటూరు నుంచి సికింద్రాబాదు పోయే దారిలో మాచర్ల బ్రాంచి లైను విడిపోయేది మా ఊళ్ళోనే. చాలామందికి నడికుడి అంటే దిగి, టీ తాగి, బండి మారే చోటు. స్టేషను బోర్డు చదివినవాళ్ళు ఎందరో వున్నారు, ఊళ్ళోకి వచ్చినవాళ్ళు కొందరే. అంచేత ఒక చోటికి వెళ్ళటానికీ, ఒక చోటి మీదుగా పోవటానికీ వున్న తేడా మావాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కాగితం తీసుకుని నేనూ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ కూచున్నాం. ఆమె చేతికి ఎర్రసిరా కలం ఇచ్చాను. పేపర్లు దిద్దటం ఇప్పటినుంచే అలవాటవుతుందని.

ముందు మొండి విషయాలు తేల్చుకున్నాం. మూడు రోజుల్లో ఆదివారం వుంటే వాటికన్ మ్యూజియాలు మూసి వుంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, టిక్కెట్టు వుండదు, కాని ఆనాటి వరస మన కొత్త సినిమా మొదటాటను మించి వుంటుందట. నెలలో మొదటి ఆదివారం కొలోసియం ఉచితం. ఉచితమన్న మాట వినగానే మా శ్రీమతి ముఖం వికసించింది గాని, అక్కడా జనం అంతే అని తెలిసి మళ్ళీ మామూలుగా అయిపోయింది. కొలోసియం టిక్కెట్టు మీద పేరు వుంటుంది, వేళ వుంటుంది, పాస్‌పోర్టు చూపించాలి. అదే టిక్కెట్టుతో పక్కనున్న ఫోరమూ, పాలటైన్ కొండా చూడవచ్చు. సెయింట్ పీటర్సు చర్చిలోకి భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని పోవాలి. ఇది మన ఆడవాళ్ళకు చెప్పవలసిన మాట కాదు, మా బావమరిదికి చెప్పాలి, వాడు వేసవిలో లాగులోనే తిరుగుతాడు. ఆ చర్చి గోపురం పైకి 551 మెట్లు. మా అమ్మాయి అక్కడ ఎర్రగీత గీసింది. పేరుపడిన స్పానిష్ మెట్ల మీద 2019 నుంచి కూచోనివ్వరు. కూచోనివ్వని మెట్లు మనకెందుకని అదీ కొట్టేసింది. తాగేనీళ్ళు మాత్రం ఎక్కడికక్కడ వీధి కుళాయిల్లో రాత్రింబవళ్ళు ధారగా పడుతూనే వుంటాయి. అట్లాంటి కుళాయిలు ఆ నగరంలో రెండువేలకు పైగా వున్నాయి. నీళ్ళసీసాల ఖర్చు తగ్గిందని జమ వేసుకున్నాం.

వీసా సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. యూరపులో షెంజెన్ ఒప్పందం దేశాలకు ఒకే వీసా. ఎక్కువ రోజులు ఏ దేశంలో వుంటామో ఆ దేశానికి అర్జీ పెట్టాలి. మాకు మ్యూనిక్‌లో వారం, రోములో మూడు రోజులు గనక జర్మనీకి పెట్టాలి. పెద్దవాళ్ళకు మనిషికి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి తీసుకుంటారు, పదిహేను రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా వుండాలి. వేలిముద్రలివ్వటానికి మనిషి స్వయంగా రావాలి. ఈ ఆఖరి షరతు దగ్గరే మా ఇంట్లో ప్రయాణం ఆగింది.

ఎందుకంటే మా అమ్మ.

అమ్మకు 73 ఏళ్ళు. మోకాళ్ళు అంతంతమాత్రం. ఆమెను ఒక్కర్తినీ పది రోజులు ఇంట్లో వదిలిపోవటం మా వల్ల కాదు. ఆమె రాకపోతే నేనో, మా శ్రీమతో ఆగిపోవాలి. సగం కుటుంబం రోములో, సగం నడికుడిలో వుండే ప్రయాణానికి ఇంత ఖర్చు దేనికి? "రావే అమ్మా, విమానంలో చక్రాల కుర్చీ ఇస్తారు" అన్నాను. "రండి అత్తయ్యా, మిమ్మల్ని ఎత్తుకునైనా తిప్పుతా" అని మా బావమరిది ఫోనులో అరిచాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. మనవరాలు చదువుతున్న కాగితం వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

మా అమ్మాయి ఒకచోట ఇట్లా చదివింది: కొలోసియం నుంచి తిన్నగా వెళ్ళే పెద్దరోడ్డుకు అటూ ఇటూ చక్రవర్తుల ఫోరములు కనబడతాయి, ఒకప్పుడు అక్కడంతా ఇళ్ళుండేవి, వాటిని తీసేశాక శిథిలాలు బయటపడ్డాయి.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "మరి ఆ ఇళ్ళల్లో వాళ్ళు యాడికి పోయార్రా?"

ఈ ప్రశ్న మా అమ్మ అడగవలసిందే. ఆమె పుట్టింది నాగార్జునకొండ లోయలో, పుల్లారెడ్డిగూడెంలో. ఆ ఊరిప్పుడు సాగరు నీళ్ళ కింద వుంది.

అందుకని ముందు ఆమె ప్రశ్నకు జవాబు వెతికి చెప్పాను. ఆ రోడ్డును ముస్సోలినీ వేయించాడు. 1932లో ప్రారంభించాడు. సైన్యం కవాతుకు ఒక బారైన దారి కావాలి, దారికి రెండు పక్కలా పాత చక్రవర్తుల వైభవం కనబడాలి. మధ్యలో అలెస్సాండ్రినో అనే పేట వుంది. కూలివాళ్ళు, చేతిపనివాళ్ళు, చిల్లర దుకాణాలవాళ్ళు వుండే ఇరుకు పేట. దాన్ని పడగొట్టి అక్కడి జనాన్ని నగరం పొలిమేరల్లో కొత్తగా వేసిన వాడలకు పంపేశారు. రెండువేల ఏళ్ళనాటి రాజుల్ని చూపించటానికి నిన్నమొన్నటి మనుషుల్ని తప్పించారన్నమాట. ఇది చెప్పగానే అమ్మ, "అక్కడా అంతేనా" అని మళ్ళీ ఈనెలు తీయటం మొదలుపెట్టింది. కాసేపుండి అంది: "సరేలే నాయనా. ముందు నన్ను మా ఊరి మీదుగా ఒకసారి తీసకపో. ఆ తర్వాత మీ రోముకు వస్తానో రానో చెబుతా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా అమ్మాయి రోము కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసి పైన "విజయపురి, రెండు రోజులు" అని రాసింది.

పాఠకుల్లో కొందరికి ఇది నవ్వులాటగా తోచవచ్చు. ఎక్కడ రోము, ఎక్కడ విజయపురి! కాని మా నడికుడి నుంచి మాచర్ల పోయే బ్రాంచి బండి ఎక్కితే గురజాల వస్తుంది, అది నలగామరాజు రాజధాని. దిగేది మాచర్లలో, అది మలిదేవాదుల రాజధాని. పలనాటి వీరుల కథ విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక్క బ్రాంచి లైనులో రెండు రాజధానులున్న ప్రాంతంవాళ్ళం. మాచర్ల నుంచి మరో పాతిక కిలోమీటర్లు పోతే మూడోది. పైరెండింటికీ వెయ్యేళ్ళ వయసైనా లేదు, ఈ మూడోదానికి పదిహేడు వందల ఏళ్ళు దాటింది. శాతవాహనుల తర్వాత కృష్ణాతీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల నగరం అది. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో బౌద్ధం వెలిగింది. తండ్రి యజ్ఞాలు చేస్తే, ఇంటి ఆడవాళ్ళు స్తూపాలు కట్టించారు. మహాచైత్యాన్ని పూర్తి చేయించిన చాంతిశ్రీ ఈ వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడా. మనకు మేనరికం ఎప్పటినుంచి వుందో ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బోధిశ్రీ అనే గృహిణి ఇక్కడ సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల పేర్లు వరసగా వస్తాయి. ఆ దేశాల మనుషులతో ఈ లోయకు పరిచయం వుండేది. వారిలో ఎవరికీ వీసా లేదు.

ఈ నగరం మన్నులో కలిసిపోయిన తర్వాత పైన అడవీ, పొలాలూ, చిన్న ఊళ్ళూ మిగిలాయి. 1926లో సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులుగారు అక్కడొక పాతస్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసు నుంచి శాసనశాఖలో పనిచేసే రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించాడు. పంతుళ్ళను గూర్చి లోకం ఏమేమో అంటుంటుంది గాని, ఒక రాజధానిని కనిపెట్టింది మా కులంవాడే అని నేను తరగతిలో అప్పుడప్పుడు గర్వంగా చెబుతుంటాను. కులమంటే ఇక్కడ పంతుళ్ళ కులమని మనవి.

ఆ తర్వాత ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. లోయ అంతా మునుగుతుంది గనుక అంతకు ముందే, 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణలో 1960 దాకా సాగాయి. నూటికి పైగా కట్టడాలు బయటపడ్డాయి. కొన్నిటిని రాయికి రాయి విప్పి కొండపైకీ, ఒడ్డున వున్న అనుపు దగ్గరికీ తరలించి తిరిగి కట్టారు. కొండ దీవి అయింది. 1966లో దాని మీద మ్యూజియం తెరిచారు. మరుసటేడు, 1967 ఆగస్టు 4న, కాలువలకు నీళ్ళు వదిలారు.

ఆ తవ్వకాల్లో మా తాత, అంటే అమ్మకు నాన్న, మట్టిగంపలు మోశాడు. అమ్మ అప్పటికి అయిదారేళ్ళ పిల్ల, సద్ది తీసుకుని తల్లి వెంట పోయేది. ఆమెకు గుర్తున్నది రాజులూ కాదు, స్తూపాలూ కాదు. టోపీలు పెట్టుకున్నవాళ్ళు గొడ్డలితో కాకుండా కుంచెతో మట్టి తుడవటం చూసి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళట. "మీ తాతను ఒకాయన తిట్టాడ్రా, రాయి మీద కాలు పెట్టినందుకు. ఆ రాయి మీదనే మేం రోజూ కూచునేవాళ్ళం" అంటుంది. తర్వాత కొన్నేళ్ళకు ఆ రాళ్ళకు అంకెలు వేసి, లారీల్లో కొండమీదికి ఎక్కించారు. ఊరిని ఖాళీ చేయమన్నారు. రాళ్ళన్నీ ఎక్కడున్నాయో ఆర్కియాలజీవారి దగ్గర లెక్కుంటుంది. ఊరివాళ్ళు తలో దిక్కుకు పోయారు, అమ్మ చిన్ననాటి స్నేహితురాళ్ళు ఎక్కడెక్కడ వున్నారో ఆమెకు తెలియదు.

ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అమ్మకు ఆనకట్ట మీద కోపం లేదు. కుడికాలువ నీళ్ళు వచ్చాక పలనాట్లో జొన్నన్నం వరన్నమయింది. "ఆ నీళ్ళు మన్ని ముంచినయ్, ఆ నీళ్ళే కూడు పెట్టినయ్" అని రెండూ ఒకే గొంతుతో అంటుంది. ఏది ఎక్కువో తూచమని ఆమెను ఎవరూ అడగలేదు.

ఇక రోముకూ విజయపురికీ వున్న చుట్టరికం చెబుతాను. ఇది తెలిశాకే మా ఇంట్లో రెండు కాగితాలూ ఒకటయ్యాయి.

నాగార్జునకొండ తవ్వకాల్లో రోము బంగారు నాణేలు దొరికాయి. ఒకటి టిబేరియస్ చక్రవర్తిది. రెండోదాని మీద ఫాస్టీనా అనే రాణి బొమ్మ వుంది. ఈవిడ ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య, క్రీ.శ. 140 ప్రాంతంలో చనిపోయింది. భర్త ఆమెను దేవతగా ప్రకటించి రోము ఫోరములో గుడి కట్టించాడు, ఆమె బొమ్మతో నాణేలు వేయించాడు. ఆ నాణెం ఒకటి సముద్రాలు దాటి మా అమ్మ పుట్టిన లోయకు చేరింది. ఎట్లా చేరిందనేది పెద్ద వింత కాదు. ఇండియా సరుకుల కోసం రోము నుంచి ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు పోతున్నాయని ప్లినీ ఆ కాలంలోనే గోల పెట్టాడు. గ్రీకునావికుడెవరో రాసిన పెరిప్లస్ గ్రంథంలో మసాలియా అనే పేరుతో మన కృష్ణాతీరమూ, అక్కడి సన్నబట్టలూ వున్నాయి. మన నేతకు వాళ్ళ బంగారం. ఇప్పుడు మనం 90 యూరోలిచ్చి వాళ్ళ ఊరికి పోతున్నాం, లెక్క సరి.

ఆ ఫాస్టీనా గుడి ఇప్పటికీ ఫోరములో వుంది. ముందరి స్తంభాలు నిటారుగా నిలిచే వున్నాయి. మొదట ఆమె ఒక్కర్తి పేరే చెక్కారు. 161లో చక్రవర్తి పోయాక అతని పేరును కూడా చేర్చారు, అదీ ఆమె పేరుకు పై వరసలో. ఈ ముక్క వినగానే మా శ్రీమతి నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను. తర్వాతి కాలంలో ఆ స్తంభాల వెనక చర్చి కట్టారు. అప్పటికి నేలమట్టం పైకి లేచి వుంది. ఆనక తవ్వి మట్టి తీసేసరికి చర్చి తలుపు గాలిలో వేలాడుతున్నట్టు పైన మిగిలిపోయింది. దానికి ఎదురుగా మెట్లూ లేవు, నేలా లేదు. అమ్మ ఆ బొమ్మను మనవరాలి ఫోనులో చాలాసేపు చూసింది. "వాళ్ళకు మట్టి దిగింది, మనకు నీళ్ళు లేచినయ్" అంది.

ఇంకో చుట్టరికం రాయిది. కొలోసియం కట్టింది టివోలి దగ్గరి ట్రావర్టీను రాయితో, అదీ సున్నపురాయే. నాగార్జునకొండ శిల్పాలు మన పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ వున్నది. మధ్యయుగంలో రోమువాళ్ళు ఫోరములోని పాలరాళ్ళను బట్టీల్లో వేసి సున్నం కాల్చుకున్నారు. ఇది విని పిడుగురాళ్ళ బట్టీల పక్కన పెరిగిన మా సహాధ్యాపకుడొకాయన, "అయితే రోము కూడా పిడుగురాళ్ళేనన్నమాట" అన్నాడు. నవ్వాం గాని, మన అమరావతి స్తూపం రాళ్ళ గతి గుర్తొచ్చి ఎక్కువసేపు నవ్వలేకపోయాం.

ఇప్పుడు ప్రణాళిక. రోము కాగితంలో ఇరవయ్యేడు స్థలాలుండేవి, ఏడు మిగిలాయి. మొదటిరోజు పొద్దున్నే కొలోసియం, బయటినుంచి చూసినా సరే. తర్వాత ఫోరము, అందులో ఫాస్టీనా గుడి దగ్గర గంట. ఆ దారులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళు, అమ్మ ఎంత నడిస్తే అంత. సాయంత్రం ఆ ముస్సోలినీ రోడ్డు మీద బల్ల చూసుకుని కూచోవటం. ఇది అమ్మ స్వయంగా చేర్చిన అంశం. రెండోరోజు వాటికన్, పూటకు మించి వద్దు. మధ్యాహ్నం నిద్ర. మూడోరోజు పాంథియను, ట్రెవీ ఫౌంటెను, టైబరు ఒడ్డున కాస్త నడక. మ్యూనిక్ నుంచి రాత్రి రైలుంది గనక విమానం వద్దని నేను పట్టుపట్టాను. జంక్షనువాళ్ళం, రైలు దిగి ఊరు చూడటమే మాకు తెలిసిన పద్ధతి. మా బావమరిది, "బావా, మరీ ఇంత తక్కువా!" అని వాపోయాడు. మిగిలిన ఇరవై స్థలాలూ అతనికే వదిలేశాం, వాడు లాగు వేసుకుని పరుగెత్తి చూసి రావచ్చు.

విజయపురి కాగితం ఇంతకంటే కష్టమయింది. రోముకు నెలల ముందే వేళతో సహా టిక్కెట్టు దొరుకుతుంది. మన లాంచీకి నీళ్ళుండాలి, గాలి నెమ్మదిగా వుండాలి, ఎక్కే జనం వుండాలి. మూడూ కుదిరితే కదులుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు గనక ఆరోజు పనికిరాదు. అంచేత సంక్రాంతి పోయాక ఒక శనివారం అనుకున్నాం. ఎండలు ముదరవు, జలాశయంలో నీరూ వుంటుంది. పొద్దున బ్రాంచి బండిలో మాచర్ల, అక్కణ్ణించి బస్సు. దారిలో ఎత్తిపోతల దగ్గర దిగాలని మా అమ్మాయి, వద్దని మోకాళ్ళు. ఆ సాయంత్రం అనుపు. అక్కడ తిరిగి కట్టిన రంగస్థలం మెట్ల మీద ఒకరు కింద నిలబడి మాట్లాడితే పైదాకా వినబడుతుంది. రోముకు పోయి కొలోసియం చూసేవాళ్ళు ముందు ఇది చూసివుండటం మంచిది, పోలిక తెలుస్తుంది. రాత్రి విజయపురి సౌత్‌లో బస. ఆదివారం పొద్దున మొదటి లాంచీ. దీవి మీద మ్యూజియం, అశ్వమేధ స్థలం, స్నానఘట్టం. లాంచీ దిగి పైకి నడవాలి, గొడుగు వుండాలి, చద్దిమూట వుండాలి. వడ్డన అమ్మదే.

ఇదంతా మా అమ్మాయి చక్కటి దస్తూరితో రాసి నాన్నమ్మకు చదివి వినిపించింది. అమ్మ మొత్తం విని, దీవి మీద మ్యూజియంలో ఏముంటాయని అడగలేదు. మా ఊరు లాంచీకి ఏ పక్కన వస్తుందని అడిగింది. కొండకు ఎటువైపు వుండేదో చెప్పవే అంటే, కళ్ళు మూసుకుని చేత్తో గాలిలో చూపించింది: ఇటు కొండ, ఇటు ఏరు, ఈ మధ్యన రామాలయం, దాని ఎదురుగా చింతచెట్టు. మా అమ్మాయి ఆ చేతిని చూసి కాగితం వెనక చిన్న పటం గీసుకుంది.

"లాంచీవాణ్ణి ఆడ కాసేపు ఆపమంటే ఆపుతాడంటావా?" అంది అమ్మ.

మా అమ్మాయి నావైపు చూసింది. తర్వాత ఎర్రసిరా కలం తీసి ఆదివారం కింద, మొదటి లాంచీకీ మ్యూజియానికీ మధ్యన ఇరికించి రాసింది: నాన్నమ్మ ఊరు, అయిదు నిమిషాలు, డ్రైవరుగారిని అడగాలి.